మాట వంతు

జూన్ 3, మంగళవారం

రెండు బకెట్ల బట్టలు. అత్తయ్య దుప్పట్లు రెండుసార్లు మార్చాను. ఆవిడకు స్నానం, తలదువ్వడం, కాళ్లకు నూనె. ముందుగది దులపడం. బీరువాలో కింది అర ఖాళీ చేయడం. వంట మూడు పూటలు, సాయంత్రం ఒక మనిషికి అదనం. పొయ్యి బర్నర్లు కడగడం మిగిలిపోయింది. రేపటికి బాకీ.

అదనపు మనిషి ఈయన చెల్లెలు. యూనివర్సిటీలో భాషాశాస్త్రం చెబుతుంది. అత్తయ్యకు పక్షవాతం వచ్చి మాట పడిపోయి ఏడాది కావస్తోంది. ఇన్నాళ్లకు ఆవిడ కూతురికి నెల రోజుల సెలవు దొరికింది. పెట్టె ఒకటి, పుస్తకాల సంచులు మూడు.

"నేనేం ఇబ్బంది పెట్టను వదినా. నేనున్నట్టే తెలీదు నీకు" అంది, చెప్పులు గుమ్మానికి అడ్డంగా విడిచి.

ఊరికే రాలేదు. ఈ నెలాఖరున అత్తయ్యను వృద్ధుల హోమ్‌లో చేర్చాలని మేమిద్దరం అనుకున్నాం. అక్కడ నర్సులుంటారు, మంచం మీద నుంచి ఎత్తడానికి మనుషులుంటారు. నా నడుముకు పట్టీ పడి ఆరు నెలలు. ఆ సంగతి ఈయన ఫోన్లో చెప్పగానే బయల్దేరింది. మెట్లెక్కుతూనే అడిగింది, "అమ్మ ఒప్పుకుందా?" అని.

ఒప్పుకుందని చెప్పాను. అడిగాను, ఒప్పుకుంది. ఇందులో దాచేదేముంది.

జూన్ 5, గురువారం

బర్నర్లు ఈరోజూ కడగలేదు.

ఆడపడుచుగారు మొదటి ఏడాది పిల్లల కోసం చిన్న పుస్తకం రాస్తోంది. భాషాశాస్త్రంలో మొదట తెలియాల్సిన మాటలు, వాటి అర్థాలు, ఉదాహరణలు. వంటింట్లో నా స్టూలు లాక్కుని కూర్చుని చదివి వినిపిస్తుంది. ఎందుకమ్మా నాకు అంటే, "నీకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే వదినా" అంది. అంటే నేను గ్లాసులో అడుగు గీత. అక్కడిదాకా పోస్తే చాలు.

"వర్ణం అంటే చెప్తా విను. పాలు, పూలు. ఒక్క ధ్వని మారింది, అర్థం మారిపోయింది. అంటే ఆ రెండు ధ్వనులూ వేరువేరు వర్ణాలన్నమాట. ఇలాంటి జతను కనిష్ఠ జంట అంటాం. అర్థమైందా?"

"పేలు" అన్నాను.

"ఏంటి?"

"పాలు, పూలు, పేలు. మార్చిలో మీ అమ్మ తలలో పడితే నేనే దువ్వి తీశాను."

తర్వాత కలం తీసుకుని, "పేలు కూడా బాగుంది" అని రాసుకుంది.

ఈ మనిషికి ఏం చెప్పినా ఉదాహరణే. ఈరోజు నుంచి ఈ డైరీలో ఆవిడ పేరు భాషమ్మ.

జూన్ 8, ఆదివారం

భాషమ్మ దగ్గర పనికొచ్చే వస్తువు ఒకటి దొరికింది. నక్షత్రం. ఏ వాక్యాన్ని ఆ భాష మాట్లాడేవాళ్లెవరూ అనరో దాని ముందు చిన్న నక్షత్రం గుర్తు పెడతారట. 'నేను నిన్న వస్తాను' అని ఎవరూ అనరు కదా, దానికి పెడతారు.

మా ఇంట్లో అనకూడనివి చాలా ఉన్నాయి. ఈ వారానివి:

* నేనున్నట్టే తెలీదు నీకు.

* నాదేముంది వదినా, ఏది పెట్టినా తింటాను. (పెట్టాక: ఉప్పు కాస్త తగ్గించి తినొచ్చుగా మీరు.)

* అమ్మ చిక్కినట్టుంది.

* కాసేపట్లో వచ్చి సాయం చేస్తాలే. (ఇది ఈయనది. పెళ్లయినప్పటి నుంచీ ఉంది.)

జూన్ 11, బుధవారం

అత్తయ్య మంచం పక్కన కిటికీ గట్టు మీద రికార్డర్ పెట్టింది. సబ్బుపెట్టంత ఉంది. అమ్మ మాట ఎంతవరకు తిరిగొచ్చిందో తెలియాలట. ఒక్కో మనిషికి సొంతంగా ఉండే మాటతీరును వ్యక్తిభాష అంటారని, అమ్మ వ్యక్తిభాష ఇప్పుడెలా ఉందో రోజంతా వింటేగానీ తెలియదని చెప్పింది.

"మీరు మామూలుగా ఉండండి. అది ఉన్నట్టే మర్చిపోండి."

నేనెప్పుడూ మామూలుగానే ఉంటాను. వేరేలా ఉండడానికి తీరికేది.

అత్తయ్య వ్యక్తిభాష ఎలా ఉండేదో నన్నడిగితే చెప్పేదాన్ని. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పాతికేళ్లు ఆపరేటరు. 'ఆగండి, కలుపుతున్నాను' అని రోజుకు కొన్ని వందలమందికి చెప్పిన మనిషి. అవతల ఎవరు విసుక్కున్నా గొంతు పెంచేది కాదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఓర్పంతా అక్కడే ఖర్చయిపోయేదేమో, ఇంటికొచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. నా వాక్యం ఒక్కటీ చివరిదాకా పోనిచ్చేది కాదు. నేను మొదలుపెడితే ఆవిడ ముగించేది. ఎవరైనా నన్నేదైనా అడిగితే ఆవిడ జవాబిచ్చేది.

ఇప్పుడు ఆవిడ మొదలుపెడితే నేను ముగిస్తున్నాను. మాట కోసం వెతుక్కుంటూ పెదాలు కదిలిస్తుంటే చూడలేం కదా. అది సాయం.

జూన్ 14, శనివారం

బర్నర్లు కడిగాను. ఎవరితోనూ మాట్లాడలేదు.

జూన్ 15, ఆదివారం

నిన్న పొద్దున టిఫిన్ల దగ్గర జరిగింది. జరిగినట్టే రాస్తాను.

భాషమ్మ మూడు రోజుల రికార్డింగు విని, కాగితాల మీద ఎక్కించి, తెచ్చి బల్ల మీద పెట్టింది. ఈయన పేపరు చదువుతున్నారు. అత్తయ్య గది తలుపు తీసే ఉంది.

"అన్నయ్యా, ఒకసారి విను" అని నా మాటలు నా ముందే చదవడం మొదలుపెట్టింది. నా గొంతులో కాదు, పాఠం చెప్పే గొంతులో.

'కూర ఇంకొంచెం వేయనా అత్తయ్యా? వద్దా? సరే.'

'కిటికీ వేసేయనా? చలిగా ఉంది కదూ? వేసేస్తా.'

'అక్కడైతే నర్సులుంటారు, బాగుంటుంది కదా? ఊఁ. అదే నేనూ అన్నాను.'

"బాగానే ఉందిగా. అన్నీ అడిగే చేస్తోంది" అన్నారు ఈయన.

"అడుగుతోంది. సంభాషణంటే వంతులు అన్నయ్యా. ఒకరి వంతు అయ్యాక రెండో మనిషికి ఖాళీ వదలాలి. నీకూ నాకూ రెప్పపాటు చాలు. అమ్మకి మాట వెతుక్కోడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది, ఒక్కోసారి పది. మూడు రోజుల్లో వదిన ఒక్కసారి కూడా అంత ఖాళీ వదల్లేదు. ప్రశ్న తనదే, జవాబూ తనదే."

"మరి ఊఁ అంది కదే అమ్మ."

"ఆ ఊఁ కూడా వదినదే."

తప్పు పట్టినందుకు కాదు, ఈయన పేపరు దించినందుకు మండింది. ఇన్నేళ్లలో నేను మాట్లాడితే దించని పేపరు.

"పది సెకన్లు నేనాగితే అక్కడ పాలు పొంగుతాయమ్మా" అన్నాను. "రోజుకు ఎన్నిసార్లు అడగాలో తెలుసా నీకు? దుప్పటి, నీళ్లు, మాత్ర, కిటికీ, బెడ్‌పాన్. ప్రతిదానికీ పదేసి సెకన్లు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఏడాదిగా ఎక్కడుంది నీ వంతు?"

"నేననేది అది కాదు. హోమ్ గురించి అమ్మ అసలు జవాబే చెప్పలేదంటున్నాను."

"నాకెవరిచ్చారు ఇంత ఖాళీ ఈ ఇంట్లో?" ఇక ఆగలేదు నేను. "పెళ్లయి వారం తిరక్కుండా మీ మేనత్తలొచ్చి, అమ్మాయికి పాటలొచ్చా అని నన్నడిగారు. నన్ను. మీ అమ్మ 'దానికి రావు' అని కాఫీలు తెమ్మంది. నాలుగేళ్లు నేర్చుకున్నాను సంగీతం. మళ్లీ ఈ ఇంట్లో ఎవరైనా అడిగారా? మీ అన్నయ్య అడిగారా? దాన్నేమంటారు మీ పుస్తకంలో?"

"ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు" అన్నారు ఈయన.

* ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు.

లోపల గదిలో మంచం కిర్రుమంది. నేను వెళ్లలేదు. భాషమ్మే వెళ్లింది.

జూన్ 16, సోమవారం

రికార్డర్ మీద చేతిరుమాలు కప్పాను. కప్పితే దాచుకున్నట్టుంటుందని తీసేశాను. అత్తయ్య అదంతా చూస్తూ ఉంది.

పని చేస్తూ నోరు తెరవకూడదనుకున్నాను. తెరవకుండానే స్నానం అయింది. నీళ్లు వేడిగా ఉన్నాయా అని కూడా అడగలేదు. అడిగితే తప్పు కదా. అడక్కపోతే భాషమ్మకు రాసుకోవడానికేం ఉండదు.

చెప్పేవాళ్లకు చేసేవాళ్లు లోకువ. ఈ వాక్యానికి నక్షత్రం లేదు.

జూన్ 19, గురువారం

బట్టలు ఒక బకెట్. మందులు తెచ్చాను.

ఈయన ఆఫీసు నుంచి రాగానే భాషమ్మ మా ఇద్దరినీ అత్తయ్య గదిలోకి పిలిచింది. సాక్షులం. తను మంచం పక్కన కూర్చుంది. అత్తయ్య కళ్లజోడు తుడిచి పెట్టింది. అది రోజూ నేను చేసే పని.

"అమ్మా, నీకు హోమ్‌కి వెళ్లడం ఇష్టమేనా?"

అడిగి ఊరుకుంది. ఊరుకోవడమంటే అదీ. మొహంలో ఏ కదలికా లేదు. గోడ గడియారం, వీధిలో ఎవరిదో మోటారుసైకిలు, అత్తయ్య ఊపిరి. నా నాలుక మీద మూడు జవాబులు ఆడాయి. ఈయన గొంతు సవరించుకుంటే భాషమ్మ చెయ్యెత్తింది. ట్రాఫిక్ పోలీసులా.

అత్తయ్య పెదవి ఓ పక్కకు లాగింది. "వెళ్... తా."

భాషమ్మ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

ఒక్క జవాబును నమ్మకూడదట. అదే సంగతిని మాట తిప్పి మళ్లీ అడగాలట, ఎవరి మాటలనైనా అలాగే పరీక్షిస్తారట. అడిగింది. "ఇక్కడే ఉంటావా?"

మళ్లీ ఆ ఖాళీ.

"ఉండను."

తర్వాత ఇంకో ప్రశ్న అడిగింది. గొంతు తగ్గించి అడిగింది గానీ నాకు వినిపించింది. "నాతో వస్తావా?"

ఈసారి చాలాసేపు పట్టింది. జవాబు రాదనుకున్నాను. అత్తయ్య కూతురి చెయ్యి తట్టి, "వద్దు" అంది.

గెలిచాను. నేను చెప్పిందే ఆవిడా చెప్పింది.

ముగ్గురికీ వండింది ముగ్గురమూ తినలేదు. ఫ్రిజ్‌లో పెట్టాను.

జూన్ 20, శుక్రవారం

నిన్నటి వంటే సరిపోయింది. నేను గెలిచాను.

జూన్ 22, ఆదివారం

భాషమ్మ రెండు రోజులుగా గొళ్లెం వేసుకుని రాసుకుంటోంది. ఈరోజు బట్టలు ఆరేస్తుంటే డాబా మీదికొచ్చింది. క్లిప్పులు అందిస్తుందేమో అనుకున్నాను.

"అమ్మకి నువ్వే నేర్పావు వదినా."

"రికార్డర్ పెట్టావుగా. విను, ఎక్కడ నేర్పానో."

"విన్నాను. రెండుసార్లు విన్నాను." కాసేపు దుప్పటి అంచు పట్టుకుని నిలబడింది. "ఇక్కడ ఉండనంది సరే. నాతో కూడా ఎందుకు రానంది?"

"నన్నడుగుతావేం. మీ అమ్మనడుగు, పది సెకన్లు ఆగు."

"మేము ఎందుకు అని అడగం. మాట్లాడేవాళ్లకి ఎందుకో తెలీదు, తోచిందేదో చెప్తారు. ఇలా అంటారా అనరా అనే అడగాలి. అది మా పద్ధతి."

"మంచి పద్ధతి" అన్నాను. "చేతికి మసి అంటదు."

కిందికి వెళ్లిపోయింది. క్లిప్పులు అందించలేదు. బాకీ రాసుకుందామనుకున్నాను, రాసి ఏం చేసుకోను.

హోమ్‌కి వెళ్లాలని నేనే కోరుకున్నాను. కోరుకున్నది జరుగుతోంది. కానీ 'ఉండను' అన్నప్పుడు అత్తయ్య నా వైపే చూసింది. ఏడాది చాకిరీ చేసిన ఇంటిని, ఒక్క మాటలో. ఎత్తి కూర్చోబెట్టింది ఎవరు? పేలు తీసింది ఎవరు?

ఎందుకో నేనే అడుగుతాను. నాకు పద్ధతులేం లేవు.

జూన్ 25, బుధవారం

దుప్పట్లు, తుడవడం, వంట. పొయ్యి మళ్లీ కడగాలి.

అత్తయ్య తల దువ్వుతూ అడిగాను. భాషమ్మ బజారుకెళ్లింది. ఈయన లేరు. రికార్డర్‌ను పక్కకు తిప్పాను. తిప్పితే వినదా, వింటుంది. అయినా తిప్పాను.

"ఎందుకు ఉండనన్నారు?"

అడిగాక దువ్వెన ఆపాను. అంతలో పొయ్యి మీద పాల సంగతి గుర్తొచ్చింది. చిన్న మంటే కదా అనుకున్నాను. అత్తయ్య కింది పెదవి కదిలింది, ఆగింది. నేను పూర్తిచేయగలను. ఓపిక లేకా? నాకు భారమనా? ఏదో ఒకటి అందిస్తే ఆవిడ తల ఊపేస్తుంది, ఇద్దరికీ పని తగ్గుతుంది. అందించలేదు. పాలు పొంగుతున్న వాసన వచ్చింది. మంట మీద పడి చుయ్యిమన్న చప్పుడూ వినిపించింది. లేవలేదు.

"ఇక్కడ" అంది అత్తయ్య.

మళ్లీ ఖాళీ. ఈసారి వాసన మాడువాసన అయింది.

"ఎవరూ... ఆగరు."

మొహాన నీళ్లు కొట్టినట్టయింది. అంతకన్నా కోపం వచ్చింది. "అక్కడ మాత్రం ఆగుతారా? ఒక్కో నర్సుకు పదిమంది. నాకన్నా నయమా వాళ్లు? వెళ్లి చూడండి తెలుస్తుంది" అన్నాను. అని లేచి వంటింట్లోకి వచ్చేశాను.

పొయ్యి తుడుస్తుంటే గుర్తొచ్చింది, అక్కడ ఆగుతారా అన్నదీ ప్రశ్నేనని, జవాబుకు ఆగలేదని. వెనక్కి వెళ్లేసరికి ఆవిడ కళ్లు మూసుకుంది. సగం జడే వేశాను. మిగతా సగం సాయంత్రం వేశాను.

భాషమ్మకు చెప్పలేదు. రికార్డర్ చెబుతుంది.

జూన్ 28, శనివారం

అత్తయ్య సంచి సర్దాను. చీరలు కాదు, నైటీలు చాలన్నారు హోమ్‌వాళ్లు. మాత్రలు పూటపూటకు విడిగా కట్టాను. కళ్లజోడు, దువ్వెన, పాత చెప్పులు. పొయ్యి కడిగాను, మరక పోలేదు.

భాషమ్మ తన పుస్తకం పూర్తిచేసింది. వంటింట్లోకి తెచ్చి బల్ల మీద పెట్టి, ఏమీ చదవకుండా నిలబడింది. 'వంతు' అన్న మాట దగ్గర ఉదాహరణ చూశాను.

'అక్కడ బాగుంటుంది కదా? ఊఁ.'

"తీసెయ్" అన్నాను.

"పేరెక్కడుంది వదినా ఇందులో. ఎవరికీ తెలీదు."

"నా ఊఁ ఉంది."

"ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. నిజం చెప్తున్నా. పిల్లలకి ఒక్కసారికే అర్థమవుతుంది."

"ఔను, నాకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టేగా" అన్నాను. మొహం కందింది దానికి. మొదటిసారి. "ఉంచుకో అయితే. కానీ దాని కిందే రెండోది కూడా వెయ్యి. అమ్మాయికి పాటలొచ్చా అని వాళ్లు అడిగారు. పక్కనున్నావిడ, దానికి రావు అంది. అదీ వంతు లాక్కోవడమే కదా? అది మీ అమ్మది. వేస్తావా?"

వేయదనుకున్నాను. నా ఎదురుగానే రాసింది. చేతిరాత వంకర పోయింది.

"ఇంకోటుంది" అంది రాస్తూనే. "బుధవారం రికార్డింగు విన్నాను. ఎవరూ ఆగరు అంది. నేను వచ్చిన రోజు ఫోన్లో రికార్డు చేసుకున్నది కూడా తీసి విన్నాను. ఎలా ఉన్నావమ్మా, బాగా తింటున్నావా, నన్ను గుర్తుపట్టావా. మూడూ ఒక్క ఊపిరిలో అడిగాను నేను."

"మరి అది వేశావా పుస్తకంలో?"

జవాబు చెప్పలేదు. నేనాగాను. అయినా చెప్పలేదు.

జూన్ 30, సోమవారం

పొద్దున అత్తయ్యకు స్నానం, జడ. పాలు తాగించాను. దుప్పటి తీసి నానేశాను. మంచం మీద పరుపు ఎండకు వేశాను.

పదింటికి కారొచ్చింది. అత్తయ్యను హోమ్‌లో దింపి, అటునుంచి అటే భాషమ్మ తన ఊరెళ్తుంది. పెట్టె ఒకటి, సంచులు మూడు, చెప్పులు ఈసారి కాళ్లకే. నేను వెళ్లనన్నాను. నడుము నొప్పి. ఈయన, డ్రైవరు కలిసి అత్తయ్యను కారులో కూర్చోబెట్టారు. నేను సంచి అందించి తలుపు వేయబోయాను. ఆవిడ మంచి చెయ్యి నా మణికట్టు పట్టుకుంది.

"పా" అంది.

పాలా? తాగారుగా అత్తయ్యా, అని నోటిదాకా వచ్చింది. పళ్లు బిగించాను.

"అమ్మా, ఎండెక్కుతోంది, ఏదైనా ఉంటే..." అని ఈయన మొదలుపెట్టారు. కారు లోపలి నుంచి భాషమ్మ "అన్నయ్యా" అంది. ఒక్కటే మాట. ఊరుకున్నారు. డ్రైవరు వాచీ చూసుకున్నాడు. వెనకాల ఎవరిదో బండి హారన్ కొట్టింది, మళ్లీ కొట్టింది. కొట్టనీ అనుకున్నాను.

"పాటలు."

పెదవి పక్కకు లాగింది. మాట దొరకలేదు. వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు.

"వచ్చా?"

అని నా మొహంలోకి చూసింది. చూస్తూ ఊరుకుంది. ఎక్స్ఛేంజిలో అలాగే కూర్చునేదేమో, అవతలివాళ్లు ఎంతసేపటికి ఎత్తినా.

ఇద్దరిలో ఎక్కువసేపు తీసుకున్నది నేను. ఇన్నేళ్లు సిద్ధంగా పెట్టుకున్న జవాబులు ఒక్కటీ అందలేదు. అన్నీ పదునైనవి ఉండేవి. అత్తయ్య అందించలేదు, తల తిప్పలేదు, చెయ్యి వదల్లేదు.

"వచ్చు" అన్నాను. ఇంకా చూస్తోంది. "నాలుగేళ్లు నేర్చుకున్నాను. గొంతు బాగుండేది."

చివరిదాకా విన్నది. అప్పుడు వదిలింది.

కారు వెళ్లింది. పాడమనలేదు, నేనూ పాడలేదు. ఆవిడ అప్పుడన్న మాటను క్షమించేశానని కాదు. పొయ్యి మీద మరక ఇంకా ఉంది.

వంట ఇద్దరికి. బట్టలు అర బకెట్.

* దానికి రావు.

అత్తయ్య నాకు బాకీ: నా జవాబు నన్ను చెప్పనివ్వడం, ఒకసారి. చెల్లు.